మూడు రోజుల పెద్దరికం

పోయిన వారం మా సర్వీసు సెంటరుకు హైదరాబాదు నుంచి ఒక శిక్షకుడు వచ్చాడు. జహీరాబాద్‌లో హైవే పక్కన, ట్రాక్టర్లకు తగిలించే నాగళ్లు, రోటవేటర్లు బాగుచేసే షెడ్డు మాది. పని ఆపి తొమ్మిది మందిమి ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని కూర్చున్నాం. ఆయన తలా ఒక కాగితం పంచి, మంచి నాయకుడికి ఉండవలసిన పది లక్షణాలు రాయమన్నాడు. నాకు చిన్నప్పటి నుంచీ జాబితాలంటే ఇష్టం. ఊరికి పోయే ముందు సంచిలో ఏమేం పెట్టుకోవాలో కాగితం మీద వేసుకుని, ఒక్కొక్కటి కొట్టేసుకుంటూ పోతే గానీ నాకు నిద్ర పట్టదు. అందుకని అందరికన్నా ముందు నేనే మొదలుపెట్టాను. సమయపాలన, స్పష్టత, ధైర్యం, తొందరగా నిర్ణయం తీసుకోవడం, ఇలా నాలుగు నిమిషాల్లో తొమ్మిది రాసేశాను. పదోదాని దగ్గర పెన్ను ఆగింది. ఏం రాయాలో తోచక పైన రాసినవి మళ్ళీ చదువుకుంటే, ఆ తొమ్మిదీ ఆరేళ్ల కిందట ఒక మూడు రోజుల పాటు నాలో పుష్కలంగా ఉన్నాయని, ఆ మూడు రోజుల్లోనే నేను ఒక రైతు ఏడాది విత్తనాన్ని దాదాపు పాడుచేశానని గుర్తొచ్చింది.

ఆ సంగతి చెప్పాలంటే ముందు మా మేనత్త గురించి చెప్పాలి. ఝరాసంగం పక్కన మా ఊళ్లో ఆమె కూలి గుంపుకు పెద్ద. ఆమెతో కలిపి పన్నెండు మంది ఆడవాళ్లు. కలుపు తీయాలన్నా, పత్తి ఏరాలన్నా, అల్లం తవ్వాలన్నా ముందు రోజు సాయంత్రం రైతు ఫోను మా అత్తకే వచ్చేది. ఆమెకు చదువు రాదు. గొంతు కూడా పెద్దది కాదు, ఆమె మాట్లాడితే ఎదుటివాళ్లు కాస్త ముందుకు వంగి వినాలి. ఎవరినీ తిట్టగా నేను వినలేదు, మా మామను తప్ప. అది కూడా ఆయన ఇంట్లో లేనప్పుడు. పొద్దున ఆరున్నరకు ఏడుగురు పట్టే ఆటోలో పన్నెండు మంది, పన్నెండు సద్ది మూటలు, ఒక నీళ్ల డబ్బా ఎక్కేవి. డిప్లొమాలో యంత్రాల గురించి చదువుకున్నవాణ్ణి గనక ఆ ఆటో ఇరుసు మీద పడే బరువు ఒకసారి లెక్క వేసి, తర్వాత ఎప్పుడూ వేయలేదు. అత్త అందరికన్నా చివర ఎక్కేది. మిగతావాళ్లంతా సర్దుకున్నాక డ్రైవరు పక్కన మిగిలే సగం సీటు ఆమెది. అందులో ఏదైనా విశేషం ఉందని నాకు అప్పట్లో తోచలేదు. ఆమెకు లేటుగా బయలుదేరే అలవాటు ఉందనుకునేవాణ్ణి.

ఆ గుంపుకు ఏడాదిలో అన్నిటికన్నా ఎక్కువ రోజులు పని దొరికేది చిరాగ్‌పల్లి దాటాక ఉండే ఒక పటేలు పొలంలో. ఆయనకు రెండెకరాల అల్లం ఉంది. నాటడం, కలుపు, మట్టి ఎగదోయడం, చివరికి తవ్వడం, అన్నీ మా అత్త గుంపే చేసేది. మా ఊళ్లో వాన మీద బతికే జొన్న, కంది పొలాలకు అన్ని రోజుల కూలి అవసరం ఉండదు. పటేలు పొలం చేజారితే వేసవి మొత్తం పన్నెండు ఇళ్లల్లో ఆడవాళ్లు ఇంట్లో కూర్చోవలసిందే. ఇది గుంపులో అందరికీ తెలుసు.

అల్లం తీయడంలో వాళ్ల పద్ధతి వాళ్లకుంది. ముందు నాగలి పెట్టి నేలను వదులు చేస్తారు. తర్వాత తలా ఒక సాలు పట్టి, గొంతుక్కూర్చుని ముందుకు జరుగుతూ, అల్లం దుబ్బును రెండు చేతులతో లేపుతారు. మట్టిని బొటనవేలితో నెట్టేసి, వేర్లు తుంచి, గంపలో పెడతారు. పెట్టడమే, వేయడం ఉండదు. గట్టు పక్కన నేల గట్టిగా, గడ్డి పట్టి ఉంటుంది కాబట్టి ఆ సాలు అత్త తీసుకునేది. నడిమి సాలు అవ్వది. అవ్వ అంటే నాకు నాయనమ్మ కాదు. డెబ్బై దాటిన ఆమెను ఊరంతా అవ్వ అనే పిలుస్తుంది. ఆమె సాలు ఎప్పుడూ అందరికన్నా వెనకబడేది. అయినా తమ సాలు అయిపోయినవాళ్లు కొత్త సాలు పట్టేవాళ్లు కాదు. అవ్వ సాలు ఆ చివరకు పోయి, అక్కడి నుంచి తీసుకుంటూ వచ్చి ఆమెను మధ్యలో కలిసేవాళ్లు. గంపలన్నీ కూడా ఆ నడిమి సాలు మీదుగానే కుప్పకు పోయేవి. అవ్వ సాలు ముగిశాక అందరూ లేచి, నడుములు విరుచుకుని, నీళ్లు తాగి, కాసేపు ఎవరి కోడలి గురించో నవ్వుకుని, మళ్ళీ పన్నెండు సాళ్లు పట్టేవాళ్లు.

ఆ మాఘమాసంలో అత్త కుడి కంట్లో పొర ముదిరిపోయింది. జహీరాబాద్ దవాఖానలో ఆపరేషనుకు ఇచ్చిన తారీకు, పటేలు అల్లం తవ్వే తారీకు ఒకటే అయ్యాయి. నేనప్పుడే డిప్లొమా ముగించి, నాలుగు చోట్ల దరఖాస్తులు పెట్టి, జవాబుల కోసం ఇంట్లో కూర్చుని ఉన్నాను. అత్త వచ్చి గడపలో నిలబడి, “అల్లుడా, ఊకెనే ఉన్నవ్ గదా, మూడు దినాలు జర నా గుంపును సూడు. పని ఆళ్లకొచ్చు. నువ్వు ఆడ ఉంటె ఐపాయె” అంది.

ఊరికే ఉండటం ఒక్కటే నాకు రాని పని. మొదటి రోజు పొద్దున్నే ఫోనులో స్టాప్‌వాచ్ పెట్టి, గట్టు మీద నిలబడి, పుస్తకంలో రాసుకున్నాను. అవ్వ సాలుకు ఎదురు పోవడం వల్ల ప్రతి విడతకూ పదకొండు నుంచి పద్నాలుగు నిమిషాలు పోతున్నాయని తేలింది. పది గంటల కల్లా మూడు మార్పులు చేశాను. ఒకటి, తన సాలు అయిపోయినామె వెంటనే తర్వాతి సాలు పట్టాలి. రెండు, అవ్వ వయసు పెద్దది గనక ఆమె ఇక వంగనక్కర్లేదు, అందరికీ నీళ్లు అందిస్తే చాలు. మూడు, ఎక్కువ సాళ్లు తీసిన ముగ్గురు నాలుగు గంటల ఆటోకే ఇంటికి పోవచ్చు. ఈ మూడింటి కింద గీత గీసి తేదీ వేశాను. గుంపులో అందరూ ఖాలా, అంటే పిన్ని, అని పిలిచే ఒకామె ఉండేది, మా ఊరి దర్జీ భార్య. ఏ మాటైనా నవ్వు మొహంతోనే అనేది. నా మార్పులు విని, “బేటా, గడియారం నీ ఫోనుల ఉంది, మా నడుముల లేదు” అంది. అందరూ నవ్వారు. నాలుగు గంటల ఆటో మాట విన్నాక మాత్రం నవ్వు ఆపి చకచకా చీరలు దోపుకున్నారు. అవ్వ నా వైపు ఒకసారి చూసి, చేతులు దులుపుకుని, బిందె తీసుకుంది. “మంచిది సారూ” అంది. ఆమె నన్ను సారూ అనడం అదే మొదటిసారి. నాకది గౌరవంగానే వినిపించింది.

పని పరుగెత్తింది. మూడో రోజు మధ్యాహ్నానికే రెండెకరాలూ అయిపోయాయి. పటేలు వచ్చి చూసి, చదువుకున్న పిల్లవాడు నిలబడితే పని ఎలా ఉంటుందో చూడండని తన జీతగాడితో అన్నాడు. ఆ మాట నేను ఆ సాయంత్రం మా ఇంట్లో రెండుసార్లు చెప్పాను, రెండోసారి మా నాన్న అడగకుండానే.

పటేలు ఆ అల్లాన్నంతా తినడానికి అమ్మేయడు. వైశాఖంలో మళ్ళీ నాటుకోవడానికి ఒక భాగం విత్తనంగా దాచుకుంటాడు. వేపచెట్టు నీడన గుంట తీసి, అడుగున ఇసుక పోసి, అల్లం పేర్చి, మధ్యమధ్య వేపాకు పరిచి, పైన ఎండుగడ్డి కప్పి మూడు నెలలు వదిలేస్తాడు. దెబ్బ తగలని అల్లం కొమ్ము ఆ గుంటలో అలాగే ఉండి, వేసవి చివర మొలక వేస్తుంది. దెబ్బ తగిలిన కొమ్ము కుళ్లుతుంది, పక్కదాన్నీ కుళ్లబెడుతుంది. ఈ సంగతి నాకు తెలియక కాదు. తెలుసు, ఎక్కడో చదివి రాసుకున్నాను కూడా. దానికీ నా మూడు మార్పులకూ సంబంధం ఉంటుందని మాత్రం తెలియలేదు.

నాలుగో రోజు పొద్దున గుంట మీద గడ్డి కప్పడం ఒక్కటే మిగిలింది. అది చూసుకుందామని నేను పోతే, వెనక ఇంకో ఆటోలోంచి అత్త దిగింది. కంటికి పచ్చ గుడ్డ, దాని మీద దవాఖానవాళ్లు ఇచ్చిన నల్ల కళ్లద్దాలు. వారం దాకా వంగొద్దని డాక్టరు చెప్పాడు. అందుకని తల నిటారుగా పెట్టుకుని, మెల్లగా గట్టు మీద నడిచి వస్తుంటే, పొలం కొనడానికి వచ్చిన పట్నపు ఆసామిలా ఉంది. నేను కుర్చీ తెచ్చి వేశాను. గుంట పక్కన కూర్చుని, తల వంచకుండానే చెయ్యి చాచి, పైన ఉన్న ఒక కొమ్ము తీసుకుంది. బొటనవేలితో చుట్టూ తడిమింది. దాన్ని ఒళ్లో పెట్టుకుంది. ఇంకొకటి తీసి తడిమి గుంటలో పెట్టింది. మూడోది మళ్ళీ ఒళ్లోకే పోయింది. అలా పది తీస్తే నాలుగు ఒళ్లో చేరాయి.

“గీ మూడు దినాలు అల్లం ఎవరు సూసిన్రు అల్లుడా?” అని అడిగింది.

అందరూ కలిసే తవ్వారని చెప్పాను.

“తవ్వుడు గాదు. సూసుడు.”

అప్పుడు గానీ నాకు బోధపడలేదు. గంపలన్నీ నడిమి సాలు మీదుగా పోవడం ఎందుకో, అందరూ వచ్చి అవ్వను కలవడం ఎందుకో. తన పని తాను చేసుకుంటూనే పదకొండు మంది గంపలూ ఒకసారి చేత్తో కలియబెట్టి, తొక్క లేచినవీ, కొమ్ము విరిగినవీ అవ్వ ఏరి కొంగులో వేసుకుంటుంది. ఆమె సాలు వెనకబడేది అందుకే. ఆమె అలా కొంగులో అల్లం ముక్కలు కట్టుకోవడం మొదటి రోజు పొద్దున నేనూ చూశాను. ముసలామె చాయ్‌లోకి తీసుకుపోతోందనుకుని, చూడనట్టు ఊరుకున్నాను. నా మంచితనానికి నేనే కాస్త సంతోషించాను కూడా. ఇప్పుడు ఆ చెయ్యి లేదు. పైగా నాలుగు గంటల ఆటో కోసం ఎవరూ మట్టిని వేలితో నెట్టలేదు, దుబ్బుకు దుబ్బు కొట్టి దులిపారు. గంపలో పెట్టలేదు, విసిరారు.

ఇంత ముఖ్యమైన సంగతి నాకు ముందే చెప్పి ఉంటే బాగుండేదని నసిగాను. కోప్పడుతుందని ఎదురుచూస్తూ నిలబడ్డాను. అత్త కోప్పడలేదు. “అవు, చెప్పకుంట పోయిన. అది నా తప్పే” అంది. ఆ మాట నన్ను తిట్టినదానికన్నా ఎక్కువ నొప్పించింది.

నా దగ్గర అప్పటికే ఒక ఉపాయం తయారుగా ఉంది. పటేలు మధ్యాహ్నం సంతకు పోతాడు. ఆయన లేనప్పుడు ఎవరినైనా ఇద్దరిని పిలిచి పై వరసలు ఏరేస్తే చాలు, ఆయనకు తెలియనే తెలియదు. చెప్పడం మొదలుపెట్టాను గానీ అత్త కుర్చీలోంచి లేచి, బోరు దగ్గర నిలబడ్డ పటేలు వైపు నడిచింది. నేను వెనక పోయాను.

“పటేలా, అల్లానికి దెబ్బలు తగిలినయ్. గుంట కప్పకు. అంత బయటికి తీసి ఏరాలె” అంది.

పటేలుకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక నా వైపు చూశాడు. “గీ పోరడు ఫోను పట్టుకొని ఉరికిచ్చిండు గదా. గీని పనేనా?”

“నా గుంపు పని. నేను దవాఖానల ఉన్నా గూడ అది నా గుంపే.”

ఆయన చాలాసేపు అరిచాడు. మంచివాడే గాని ఏడాది విత్తనం మాట వచ్చేసరికి ఎవరైనా అరుస్తారు. బీదర్ వైపు నుంచి ఇంకో గుంపు రెండేళ్లుగా పని అడుగుతోందని, తాను మొహమాటానికి పోయి మమ్మల్ని ఉంచుకున్నానని అన్నాడు. అత్త నల్ల కళ్లద్దాలతో అలాగే నిలబడి అంతా వింది. చివరికి ఆయన, “వైశాఖంల గుంట తెరిచిననాడు సూస్త. కుళ్లితె మల్ల నా పొలం తొవ్వ తొక్కకున్రి” అని మోటరు ఆపి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం అత్త తన వాకిట్లోకి గుంపును పిలిచింది. రేపు ఏరడానికి పోవాలి, కూలి ఉండదు, వచ్చేవాళ్లు రండి, రానివాళ్లను నేనేమీ అనను అని చెప్పింది. అంతకన్నా ఒక్క మాట ఎక్కువ లేదు. నా పేరు ఎత్తలేదు. వాళ్లు మాత్రం అందరూ నన్నే చూశారు. అవ్వ రాలేదు. నేను ఆ విషయం అత్తకు చెప్తే, “నువ్వే పొయ్యి అడుగు” అంది.

అవ్వ ఇల్లు మూడు వీధుల అవతల. దారిలో ఏమేం చెప్పాలో నాలుగు అంశాలుగా పేర్చుకున్నాను. అక్కడికి పోయేసరికి ఆమె పొయ్యి దగ్గర జొన్నరొట్టె కొడుతోంది. నన్ను చూసి కూడా చెయ్యి ఆపలేదు. నా నాలుగు అంశాల్లో ఒక్కటే నోటికి వచ్చింది.

“అవ్వా, తప్పు చేసిన. రేపు నువ్వు రావాలె.”

“ఎందుకు సారూ, నీళ్లు మోసుటానికా?”

“కాదు. సూసుటానికి.”

ఆమె రొట్టెను పెనం మీద తిప్పి, అంచులు నొక్కింది. తర్వాత, “మొకం గట్ల పెట్టకు. పుంటికూర ఉంది, కూసో, తిను” అంది. నేను ఆ గోంగూరతో రెండు రొట్టెలు తిన్నాను. వస్తానని ఆమె చెప్పలేదు, నేనూ మళ్ళీ అడగలేదు.

పొద్దున ఆటో దగ్గర పదకొండు మందీ ఉన్నారు. ఒకరిద్దరు మొహాలు ముడుచుకుని, అవ్వ బిందె లేకుండా. ఖాలా నన్ను చూసి, “ఏం బేటా, ఇయ్యాల గూడ ఫస్టు వచ్చినోళ్లకు నాలుగింటి ఆటోనా?” అంది. ముడుచుకున్న మొహాలు కూడా విప్పుకున్నాయి. నేను అందరికన్నా కాస్త ఆలస్యంగా నవ్వాను.

గుంట మొత్తం తీసి చెట్టు నీడలో పరిచాం. అవ్వ నన్ను తన పక్కనే కూర్చోబెట్టుకుంది. తొక్క లేచింది కంటికి కనిపిస్తుంది, విరిగింది చేతికి తెలుస్తుంది, లోపల కమిలింది మాత్రం నొక్కితేనే తెలుస్తుందని చెప్పింది. నేను పుస్తకం తీయబోతే, మట్టి చేతులతో పుస్తకం ఎందుకు ఖరాబు చేస్తావని, ముందు ఒక గంప చూడమంది. మొదటి గంపలో నేను మంచివని పెట్టిన వాటిలో పన్నెండు తీసి నా ముందు వేసింది. రెండో గంపలో ఐదు. మధ్యాహ్నానికి ఒకటీ రెండూ. అత్త కుర్చీలో నిటారుగా కూర్చుని, ఎవరు ఏది అందించినా వేలితో తడిమి ఇటు అటు పెట్టింది. ఆ పొద్దున కంటి గుడ్డ తీసేశాక డాక్టరు రెండు గంటలకోసారి చుక్కలు వేయమన్నాడు. దానికి నేను ఒక పట్టిక గీసి జేబులో పెట్టుకున్నాను. ఆ వారం నేను తయారుచేసిన వాటిలో సరిగ్గా పనిచేసింది అదొక్కటే. పొద్దు వాలేసరికి ఏడు గంపల దెబ్బతిన్న అల్లం బయటికి వచ్చింది. పటేలు దాన్ని బజారుకు పంపించాడు. మిగిలింది మళ్ళీ పేర్చి, వేపాకు వేసి, గడ్డి కప్పాం. తిరిగి వస్తుంటే అత్త నాకు ఏ బుద్ధీ చెప్పలేదు. ఆటో కుదుపుకు కన్ను నొప్పి పుడుతోందేమో అని నేను అడిగితే, లేదు, అద్దాలు కాస్త పైకి జరిపితే హైవే మీది లారీల రంగులు ఇన్నేళ్లకు ఇంత సాఫుగా కనిపిస్తున్నాయని, అందులో ఒకటి అచ్చం తన పెళ్లి చీర రంగని చెప్పింది.

ఆ మూడు నెలలు మా ఊళ్లో ఆ గుంట మాట ఎవరూ ఎత్తలేదు. అత్త పత్తి కట్టె పీకే పనో, శనగ కోసే పనో వెతికి తెచ్చేది. ఏ పనీ దొరకని రోజులు కూడా ఉండేవి. బీదర్ గుంపువాళ్లు పటేలును వచ్చి కలిశారని ఖాలా ఒకసారి చెప్పింది, నవ్వకుండా. నాకు ఈ సర్వీసు సెంటరులో పని దొరికింది. రోజూ చిరాగ్‌పల్లి మీదుగా పోయే బస్సు చూసినప్పుడల్లా గుంట తెరవడానికి ఇంకా ఎన్ని రోజులో లెక్క వేసుకునేవాణ్ణి.

వైశాఖంలో గుంట తెరిచే రోజు సెలవు పెట్టి పోయాను. గుంపంతా వచ్చింది. పటేలు ఎవరినీ ముట్టుకోనివ్వకుండా తానే గడ్డి తీశాడు. అల్లం కుళ్లితే పది అడుగుల దూరం నుంచే వాసన తెలుస్తుంది. మేమంతా ఊపిరి బిగబట్టి నిలబడ్డాం, వాసన రాకూడదనో వస్తే తెలియకూడదనో నాకిప్పటికీ తెలియదు. చల్లటి ఇసుక వాసన, వేపాకు వాసన వచ్చాయి. పై వరసలో కొమ్ముల మీద లేత మొలకలు బుడిపెల్లా లేచి ఉన్నాయి. పటేలు ఒక్కో వరసా తీసి చూసుకుంటూ మోచేతుల దాకా లోపలికి పోయాడు. మొత్తం గుంటలో చివరికి ఒక గుప్పెడు మెత్తబడ్డ ముక్కలు దొరికాయి. వాటిని అరచేతిలో పెట్టుకుని అత్త వైపు చాపాడు.

“గింతే” అన్నాడు.

“గింత గూడ ఉండొద్దు పటేలా” అంది అత్త.

ఆయన ఆ గుప్పెడూ గట్టు అవతలికి విసిరేసి, చేతులు కడుక్కుంటూ, “ఎల్లుండి దినం మంచిగుంది. అల్లం పెట్టుడు షురూ చెయ్యున్రి” అన్నాడు. ఖాలా నా వీపు మీద ఒకటి చరిచింది. అవ్వ అప్పటికే గుంట అంచున కూర్చుని, ఒక కొమ్ము తీసి, మొలకలు ఎన్ని ఉన్నాయో వేలితో తడిమి చూస్తోంది. అత్త ఆమె పక్కన చోటు చేసుకుని కూర్చుంది. ఇద్దరూ ఏ సాలు నుంచి మొదలుపెట్టాలో మెల్లగా మాట్లాడుకున్నారు.

పోయిన వారం ఆ కాగితాన్ని పదో లక్షణం చోటు ఖాళీగానే వదిలి శిక్షకుడికి ఇచ్చేశాను. పని సరిగ్గా చేశామా లేదా అన్నది చేసిన సాయంత్రమే తెలిసిపోతుందని నేను అప్పటిదాకా అనుకునేవాణ్ణి. నేను మూడు రోజుల్లో చేసింది ఏమిటో తెలియడానికి మూడు నెలలు పట్టింది. మా అత్త ముప్పై ఏళ్లుగా చేస్తున్నది ఏమిటో పూర్తిగా తెలియడానికి ఇంకా ఎన్నేళ్లు కావాలో లెక్క వేయలేదు, అవి గడుస్తున్నకొద్దీ తెలుస్తుందిలే అని నెమ్మదిగా ఉన్నాను.